ఆటోమేటిక్ గేర్‌బాక్స్ స్లిప్ అవుతోంది, బాటిల్ పోస్తే ఆగుతుందా?

కాజీపేట జంక్షన్:

అందరికీ నమస్తే. మాది 2012 మోడల్ పెట్రోల్ సెడాన్, 4 గేర్ల ఆటోమేటిక్. రెండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం, ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నకు ఎడమ మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేకపోతున్నాడని వెతికి వెతికి ఆటోమేటిక్ కొన్నాం.

నెల రోజుల నుంచి రెండో గేర్ నుంచి మూడో గేర్‌కు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా గుయ్‌మని అరుస్తుంది, ఆర్‌పీఎం 2 వేల నుంచి 3,500 దాకా లేస్తుంది గానీ బండి ఉరకదు, ఒకటి రెండు సెకన్లకు దబ్‌మని గేర్ పడుతుంది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఉండదు. మొన్న నాన్నను చెకప్‌కు హైదరాబాద్ తీసుకెళ్తుంటే జనగామ దాటాక మొదలైంది, ఘట్‌కేసర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయేసరికి ఇంకా ఎక్కువైంది, డీలో, అంటే ముందుకు పోయే గేర్‌లో వేసినా రెండు సెకన్ల దాకా బండి కదలదు. వెనక లారీ హారన్. నాన్న ఏమీ అనలేదు గానీ పైనున్న హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి టెన్షన్‌తో బండి బయటికి తీయట్లేదు.

ఇక్కడ ఒక గ్యారేజ్‌లో చూపిస్తే ఆయిల్ తగ్గిందని ఎర్ర ఆయిల్ అర లీటరు పోసి పంపారు. పవర్ స్టీరింగ్‌కు పోసేదే దీనికీ పోస్తామన్నారు. ఇంటికొచ్చి మాన్యువల్ చూస్తే ఎస్‌పీ-3 అని ఉంది, వాళ్ల డబ్బా మీద డెక్స్‌రాన్-3 అని ఉంది. రంగు రెండింటిదీ ఎరుపే. ఇంకో చోట గేర్‌బాక్స్ దించాల్సిందే, 85 వేలు అవుతుందన్నారు. స్పేర్ పార్టుల షాపతను మాత్రం ఒక యాడిటివ్ బాటిల్ చేతిలో పెట్టాడు, తేనెలాగా చిక్కగా ఉంది, ఇది పోస్తే స్లిప్ ఆగిపోతుందన్నాడు. మా బావేమో అర లీటరు 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ కలిపితే అదే పట్టుకుంటుందంటున్నాడు. ఇంకొకరు మెషీన్‌తో ఫ్లషింగ్ చేయించమన్నారు.

బాటిల్ కొన్నాను గానీ ఇంకా పోయలేదు. పోయొచ్చా? అసలు ఆయిల్ మార్చి దీన్ని బాగుచేసుకోవచ్చా? 85 వేలు ఇప్పుడు మా దగ్గర లేవు.

ములుగు రోడ్డు వర్క్‌షాప్:

తమ్మీ, బాటిల్ పక్కన పెట్టు. ఇంజన్ ఆయిల్ మాత్రం అస్సలు పోయకు, బావకు నేను చెప్పానని చెప్పు.

ఈ బాక్సులో ఆయిల్ చేసే పని ఇంజన్ ఆయిల్ చేసే పని లాంటిది కాదు. మాన్యువల్ బండిలో నీ కాలు చేసే పని ఇక్కడ ఆయిల్ చేస్తుంది. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో వాల్వ్ బాడీలోకి, అంటే ఆయిల్ దారులుండే దిమ్మెలోకి తోస్తుంది, సోలనాయిడ్లు అనే కరెంటు వాల్వులు ఆ దారులు తెరుస్తాయి, ఆ ఒత్తిడికి పిస్టన్ కదిలి క్లచ్ ప్లేట్లను అదుముతుంది. అదిమే బలం తగ్గితే ప్లేట్లు జారతాయి, ప్లేట్ల మీది లైనింగ్ అరిగినా జారతాయి. నీకు వినపడే గుయ్ ఆ జారుడుదే. అదిమే బలం తగ్గడానికి ఆయిల్ తక్కువ కావడం, ఫిల్టర్ మూసుకుపోవడం, రబ్బర్ సీళ్లు గట్టిపడడం, సోలనాయిడ్ సరిగ్గా తెరుచుకోకపోవడం, పంపు అరగడం, ఇట్లా చాలా ఉంటాయి. లెవెల్ తప్ప మిగతా ఏదీ బాటిల్‌తో తీరేది కాదు.

నువ్వు రాసినదాంట్లో ఒక మంచి ఆధారం ఉంది, వేడెక్కాకే వస్తోందన్నావు కదా. వేడికి ఆయిల్ పలచబడుతుంది, పలచబడ్డాక సీళ్ల పక్క నుంచి, అరిగిన వాల్వుల పక్క నుంచి ఎక్కువ కారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. చిక్కటి యాడిటివ్ పోస్తే ఆ కారడం కొన్నాళ్లు తగ్గుతుంది, అందుకే పోసినవాళ్లు బాగైందని చెప్తారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కానీ లోపల అరుగుడు అట్లాగే నడుస్తుంది, పొద్దున చలికి ఆయిల్ మరీ చిక్కబడి డీలో పడడం ఆలస్యమవుతుంది, ఆ తర్వాత వచ్చే మెకానిక్‌కు అసలు లక్షణం దొరకదు. నా దగ్గరికి ఇట్లాంటివి వస్తే ముందు ఆ బాటిల్ సరుకంతా కడిగి తీయడానికే ఒక రోజు పోతుంది.

ఒకటి చెప్పు. నాలుగో గేర్‌లో, అంటే 70, 80 స్పీడులో కొంచెం ఎక్సలేటర్ తొక్కితే కూడా జారుతోందా? నీ బండి లాంటి నాలుగు గేర్ల బాక్సుల్లో రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు సెకండ్ బ్రేక్ వదిలి ఓవర్‌డ్రైవ్ క్లచ్ పట్టుకోవాలి, రెండూ బాక్సు లోపలి ప్లేట్ల జతలే, కాలి బ్రేక్ కాదు. మూడులోనూ నాలుగులోనూ పనిచేసేది ఆ ఒక్క క్లచ్చే. రెండింట్లో జారితే అనుమానం దాని మీదికి పోతుంది. మూడుకు మారేటప్పుడు మాత్రమే జారి నాలుగు గట్టిగా ఉంటే సోలనాయిడ్ వైపు చూడాలి.

కరీంనగర్ స్విఫ్టు రోడ్డు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నాది కూడా ఆటోమేటికే, గేర్ వాటంతటవే పడతాయి, క్లచ్ పెడల్ లేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం లేస్తుంది గానీ పికప్ ఉండదు, కొంచెం కాలిన వాసన వస్తుంది. నేను కూడా ఈ ఎర్ర ఆయిలే మార్పించాలా?

ములుగు రోడ్డు వర్క్‌షాప్:

అన్నా, మీ బండి గేర్ లివర్ దగ్గర పీ (పార్కింగ్) అనే అక్షరం ఉందా చూడండి. మన దగ్గర తిరిగే ఏఎంటీ బండ్లు చాలావాటికి పీ ఉండదు, ఎన్, డీ, ఆర్, పక్కన ప్లస్ మైనస్ ఉంటాయి. అట్లా ఉంటే మీది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మోటారు చేస్తుంది, అంతే తేడా. అందులో క్లచ్ ప్లేట్ అరిగింది, దాన్ని మార్చాలి, ఏ ఎర్ర ఆయిల్‌తోనూ పని లేదు. సీవీటీ అయితే మళ్లీ వేరే కథ, రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్ట్ మీద నడుస్తుంది, దానికి సీవీటీ ఆయిలే పోయాలి. మామూలు ఏటీఎఫ్, అంటే ఈ ఎర్ర ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, ఇక ఆ బాక్సు దక్కదు. ఆయిల్ గురించి అడిగేముందు అది ఏ రకం ఆటోమేటిక్కో కచ్చితంగా తెలుసుకోవాలి.

గోదావరిఖని రిటైర్డ్:

బాబూ, నేను సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. వంద టన్నుల డంపర్‌లో ఉండేది కూడా ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్, ప్లానెటరీ గేర్లు, క్లచ్ ప్యాకులే (ప్లేట్ల దొంతరలే), సైజు తేడా అంతే. ట్రాన్స్‌మిషన్ స్లిప్ అంటున్నాడని ఆపరేటర్ రాసిస్తే మేము మొదట లెవెల్ చూసేవాళ్లం, తర్వాత ఆయిల్ చూసేవాళ్లం, ఆ తర్వాత గేజ్ పెట్టి ఒత్తిడి కొలిచేవాళ్లం. ఒత్తిడి కొలవకుండా విప్పితే మా ఇంజనీరు ఊరుకునేవాడు కాదు. నీకు 85 వేలు చెప్పినవాళ్లు గేజ్ పెట్టారా? పెట్టకుండా చెప్పి ఉంటే అది అంచనా మాత్రమే.

ముందు నువ్వు ఇంటి దగ్గరే చేయగలిగింది చెయ్యి. 15, 20 కిలోమీటర్లు నడిపి ఆయిల్ బాగా వేడెక్కాక చదునైన నేల మీద ఆపు. బ్రేక్ తొక్కి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి లివర్‌ను అన్ని గేర్లలోకీ ఒక్కొక్క క్షణం తిప్పి, మాన్యువల్‌లో పీ అంటే పీలో, ఎన్ అంటే ఎన్‌లో పెట్టు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. ఇంజన్ ఆపకుండానే ఆయిల్ లెవెల్ చూసే పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచి తియ్యి. హాట్ అని రాసిన గీతల మధ్య ఉండాలి. చాలామంది ఇంజన్ ఆయిల్ చూసినట్టు ఇంజన్ ఆపి చూస్తారు, అప్పుడు కన్వర్టర్‌లో ఉన్న ఆయిల్ కిందికి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, తక్కువ ఆయిల్‌తోనే బండి తిరుగుతుంటుంది.

తర్వాత పుల్ల మీది చుక్కను తెల్ల గుడ్డ మీద వెయ్యి. ఎరుపు తగ్గి లేత గోధుమ రంగులోకి పోతే పాతబడింది, మార్చొచ్చు. నల్లగా అయ్యి మాడిన వాసన వస్తే ప్లేట్ల లైనింగ్ కాలుతోంది. స్ట్రాబెర్రీ పాలలాగా గులాబీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి, అప్పుడు స్టార్ట్ కూడా చేయకు, టోయింగ్‌లోనే తీసుకుపో. చుక్కను వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలాగా తగిలితే అది లోహం.

డెక్స్‌రాన్, ఎస్‌పీ-3 రెండూ ఎరుపే కదా అన్నావు. ఆ ఎరుపు లీకు ఎక్కడిదో తెలియడానికి కలిపే రంగు, అది చూసి ఆయిల్ పోల్చకూడదు. అసలు తేడా అందులో కలిపే ఫ్రిక్షన్ మాడిఫైయర్లలో ఉంటుంది. ప్లేట్లు పట్టుకునే క్షణంలో ఎంత జారాలి, ఎంత గట్టిగా పట్టాలి అనేది ఆ మందే నిర్ణయిస్తుంది, ఒక్కో కంపెనీ తన ప్లేట్లకు తగ్గట్టు ఆయిల్ చేయించుకుంటుంది. ఒకప్పుడు ఈ పనికి తిమింగలం నూనె కలిపేవాళ్లు, 1970లలో అమెరికాలో అది నిషేధం అయ్యాక దాని బదులు వేరే రసాయనాలు తేవడానికి కంపెనీలు చాలా కష్టపడ్డాయి, మధ్యలో వచ్చిన కొన్ని ఆయిళ్లతో కూలర్లు తుప్పుపట్టాయి కూడా. ఇంకో మాట, డెక్స్‌రాన్-3కి లైసెన్సులు ఇవ్వడం జనరల్ మోటార్స్ 2006తోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికే డబ్బాలో ఏముందో ఆ డబ్బా చేసినవాళ్ల మాట మీద నమ్మాల్సిందే.

హంటర్ రోడ్డు:

నా అనుభవం కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. 2023 జూలై చివర్లో వానలకు హనుమకొండలో కాలనీలు మునిగాయి కదా, భద్రకాళి చెరువు కట్ట తెగిన వారం. మా బండి సీట్ల దాకా నీళ్లలో ఒక రాత్రంతా ఉంది. నీళ్లు తీశాక ఇంజన్ ఆయిల్ మార్పించారు, సీట్లు ఎండబెట్టారు, గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి ఎవరూ అనలేదు, నాకూ తెలియదు. గేర్‌బాక్స్ పైన గాలి పోవడానికి చిన్న బ్రీదర్ గొట్టం ఉంటుందట, దాని నుంచి నీళ్లు లోపలికి పోయాయి. రెండు నెలల తర్వాత నువ్వు రాసినట్టే స్లిప్ మొదలైంది. నేను యాడిటివ్ పోసి ఇంకో నెల నడిపాను. మొదటి వారం నిజంగా బాగుంది, మా ఆవిడకు గొప్పగా చెప్పాను కూడా. తర్వాత ఒక రోజు రివర్స్‌లో అసలు కదల్లేదు.

విప్పాక చూపించారు, ప్లేట్ల మీది లైనింగ్ కాగితం లాంటి పదార్థమట, జిగురుతో అంటించి ఉంటుంది. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడి ఫిల్టర్ నిండా పేరుకుంది. వరద దిగిన రోజే ఆయిల్ మార్పించి ఉంటే బాక్సు దక్కేదేమో. ఆ నెల రోజులు బాటిల్ మీద నమ్మకంతో తిప్పడమే నాకు చాలా నష్టం చేసింది. సెకండ్‌హ్యాండ్ అంటున్నావు కాబట్టి తమ్ముడూ, ఆ బండి ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా కనుక్కో.

కాజీపేట జంక్షన్:

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు థ్యాంక్స్. సార్ చెప్పినట్టే మడికొండ దాకా రెండుసార్లు పోయి వచ్చి చూశాను. లెవెల్ హాట్ గీతకు కింద ఉంది, అర లీటరు పోశాక కూడా. రంగు గోధుమ రంగు, కొంచెం మాడిన వాసన ఉంది గానీ నలుపు కాదు, నురగ లేదు, ఇసుక తగల్లేదు. కింద వంగి చూస్తే ఎడమ చక్రం వైపు యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి పోయే చోట తడిగా ఉంది, అక్కడే మట్టి పేరుకుంది. నాలుగో గేర్‌లో గట్టిగా తొక్కితే కొంచెం జారుతోంది అన్నా. నీళ్లలో మునగలేదు, పాత ఓనర్‌తో మాట్లాడాను.

రెండు అనుమానాలు ఉన్నాయి. పాత బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే పూర్తిగా పోతుందని షాపతను భయపెట్టాడు, నిజమేనా? ఫ్లషింగ్ మెషీన్ సంగతి ఏంటి?

ములుగు రోడ్డు వర్క్‌షాప్:

ఆ లీకు యాక్సిల్ ఆయిల్ సీల్‌ది, చిన్న పని. ఆయిల్ తగ్గి, పంపు మధ్య మధ్యలో గాలి లాగి, ఒత్తిడి పడి, ప్లేట్లు జారి వేడెక్కి, ఆ వేడికి ఆయిల్ మాడి, ఇట్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏటీఎఫ్‌కు 80 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగం అవుతుందని మేమంతా లెక్క పెట్టుకుంటాం. మన ఎండాకాలంలో, ట్రాఫిక్‌లో, తక్కువ ఆయిల్‌తో నడిపితే ఎంత వేడెక్కుతుందో ఆలోచించు.

కొత్త ఆయిల్ పోస్తే బాక్సు పోతుందనే మాటకు కారణం ఉంది. లైనింగ్ పూర్తిగా అరిగిన బాక్సులో ఆ పొడి పాత ఆయిల్‌లో తేలుతూ కొంచెం పట్టు ఇస్తుంది, ఆయిల్ మారిస్తే ఆ పట్టు కూడా పోతుంది. అట్లాంటి బాక్సు ఎలాగూ పోయేదే, ఆయిల్ మీద నింద పడుతుంది. మనవాళ్లు స్లిప్ మొదలయ్యాక గానీ ఆయిల్ జోలికి పోరు, అందుకే ఈ మాట అంతగా పాకింది. నీ ఆయిల్ నల్లబడలేదు కాబట్టి నీకు ఆ భయం అక్కర్లేదు. ఫ్లషింగ్ మెషీన్ మాత్రం వద్దు, పదేళ్ల బాక్సులో అడుగున కూర్చున్న చెత్తను ఒత్తిడితో లేపితే అది పోయి వాల్వ్ బాడీ సన్న దారుల్లో ఇరుక్కుంటుంది.

డ్రెయిన్ బోల్టు విప్పి తీసి మళ్లీ నింపుదాం. నీ బాక్సులో మొత్తం ఏడు లీటర్లకు కొంచెం తక్కువ పడుతుంది, బోల్టు నుంచి నాలుగు లీటర్ల దాకా వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే 60 శాతం కొత్తదవుతుంది, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి రెండోసారి మారిస్తే 83, మూడోసారికి 93. ఎస్‌పీ-3 అని రాసిన ఆయిలే తెచ్చుకో, సీలు తియ్యని డబ్బాలు తెచ్చుకో.

యాడిటివ్‌లు అన్నీ దండగని నేను అనను. 60, 70 స్పీడులో ఒకేలా పోతున్నప్పుడు బండి గతుకుల మీద పోయినట్టు సన్నగా వణికితే అది కన్వర్టర్ లోపల జారకుండా బిగించే లాకప్ క్లచ్ వణుకు, దానికి ఫ్రిక్షన్ మాడిఫైయర్ ఉన్న మంచి యాడిటివ్ పనిచేయడం నేను చూశాను, అయినా ముందు ఆయిల్ మార్చే చూస్తాను. పాత సీల్ నుంచి చెమటలాగా వచ్చే లీకుకు కూడా సీల్‌ను మెత్తబరిచే మందు కొన్నాళ్లు పనిచేస్తుంది. నీది ఆ రెండూ కాదు.

బండి తీసుకురా. స్కానర్ పెట్టి, గేజ్ పెట్టి చూస్తాను. వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండలో రాకు, పొద్దున్నే రా.

కాజీపేట జంక్షన్:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది.

స్కానర్‌లో పీ0733 కోడ్ వచ్చింది, మూడో గేర్ రేషియో తప్పు అని దాని అర్థమట. యాక్సిల్ సీల్ మార్చి, ఆయిల్ 250 కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు మార్చారు. డీలో పడే ఆలస్యం మొదటిసారికే పోయింది. స్లిప్ సగానికి సగం తగ్గింది గానీ, వేడెక్కాక ఎత్తు ఎక్కుతుంటే ఇంకా కొంచెం ఉంది. నేనైతే ఇక చాలు, ఇట్లాగే నడుపుకుంటానన్నాను. అన్న ఒప్పుకోలేదు, గేజ్ పెట్టి చూపించాడు. మెయిన్ ఒత్తిడి సరిగ్గానే ఉంది, ఓవర్‌డ్రైవ్ క్లచ్‌ది మాత్రం చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి వేడెక్కాక పడిపోతోంది. నా కళ్లతో నేను చూశాను కాబట్టి విప్పడానికి ఒప్పుకున్నాను.

ఆ క్లచ్ పిస్టన్ సీల్ చేతిలోకి తీసుకుని వంచితే బిస్కెట్‌లాగా విరిగింది. లైనింగ్ ప్లేట్లు సగం అరిగాయి, స్టీలు ప్లేట్లు రెండింటి మీద వేడికి పడ్డ నీలం మరకలు ఉన్నాయి, పంపూ వాల్వ్ బాడీ బాగున్నాయి. సీళ్లు మొత్తం, ఆ ఒక్క క్లచ్ ప్యాకు, ఫిల్టర్ మార్చారు. కొత్త ప్లేట్లను రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టి పొద్దున బిగించారు. ఆయిల్‌తో కలిపి మొత్తం 41 వేలు అయ్యింది, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల ఇస్తానన్నాను. షాపులో కొన్న బాటిల్ వాపసు తీసుకోలేదు, అట్లాగే ఉంది.

నిన్న నాన్నను హైదరాబాద్ తీసుకెళ్లి వచ్చాను. వచ్చేటప్పుడు ఆలేరు దగ్గర టీ తాగాక, ఇక్కడి నుంచి నేను నడుపుతానన్నాడు. కాజీపేట దాకా ఆయనే నడిపాడు.

ఒక్కటి అడగాలి అన్నా. గేర్లు మారేటప్పుడు ఇప్పుడు కొంచెం కుదుపుగా ఉంది, గట్టిగా పడుతున్నాయి. భయపడాలా?

ములుగు రోడ్డు వర్క్‌షాప్:

భయపడకు తమ్మీ. పాత ప్లేట్లు జారుతున్నంత కాలం కంప్యూటర్ ఒత్తిడి పెంచి పెంచి సర్దుకుంది, ఆ లెక్క కొత్త ప్లేట్లకు సరిపోదు. అందుకే బండి ఇచ్చేటప్పుడు రీసెట్ చేశాను, కానీ కొత్త ప్లేట్లకు తగ్గట్టు మళ్లీ నేర్చుకోవడానికి దానికి కొంత దూరం పడుతుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్లు ఎక్సలేటర్ సగం దాటకుండా నడపండి, ఊళ్లోనూ హైవే మీదా కలిపి. అప్పటికీ కుదుపు తగ్గకపోతే తీసుకురా, మళ్లీ స్కానర్ పెడదాం. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి లెవెల్ చూపించు, ఆ సీల్ దగ్గర తడి వస్తోందేమో కూడా చూద్దాం.